దిగని బీము

నేను భివండిలో దిగిన రోజే హనుమాండ్లు ఓదెలు చేతివేళ్లు విరగ్గొట్టాడు. చాటుగా ఏం కాదు. అక్కడి నాగావ్ పేటలో, దేవయ్య కార్ఖానా ముందు, పట్టపగలు, వచ్చేపోయే జనం చూస్తుండగానే. ఓదెలు మా ఊరివాడు. ఆ కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. కరెంటుతో నడిచే మగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. "ఊరికి పోత, నా హిసాబ్ సూడుండ్రి" అని కూలి లెక్క అడగడమే అతని తప్పు. పనివాళ్ల మీద పెత్తనం చేసే ముకద్దం ఈ హనుమాండ్లు. ఓదెలును మెడపట్టి బయటికి ఈడ్చుకొచ్చాడు. కుడిచేయి గడప మీద పెట్టించి, పైనున్న ఇనుప షట్టర్‌ను ఒక్క గుంజు గుంజాడు.

ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. లోపల సాంచాల మోత మాత్రం ఆగలేదు. ఒక్కడూ బయటికి రాలేదు. నేను అప్పుడే స్టేషన్ నుంచి ఆటోలో వచ్చి, సంచి చంకలో పెట్టుకొని నిలబడి ఉన్నాను. ఆటోవాడు ఆ కేక విని, నాకు రావాల్సిన చిల్లర కూడా ఇవ్వకుండా బండి తిప్పుకొని పోయాడు.

హనుమాండ్లు చేతులు దులుపుకొని నావైపు చూశాడు.

"ఎవలదానివే నువ్వు?"

"ఆగమ్మను. కనుకయ్య పెండ్లాన్ని."

"నువ్వు గూడ మొగన్ని తోల్కపోను అచ్చినవా?"

నా కాళ్లు వణుకుతున్నాయి. కానీ నా నోరు ఎన్నడూ నా కాళ్ల మాట వినలేదు. "గందుకే అచ్చిన. బాకీ పైసలు తెచ్చిన. సేటు మొకాన కొట్టి తోల్కపోత" అన్నాను.

అతను నవ్వాడు. ఓదెలు చేతిని కడుపులో దాచుకొని ముడుచుకుపోయి పడి ఉన్నాడు. అతని మీదుగా కాలు దాటేసుకొని లోపలికి పోయాడు ఆ దుర్మార్గుడు. నేనే కొంగు చింపి ఓదెలు చేతికి చుట్టాను. వేళ్లు ఎటు తిరగకూడదో అటు తిరిగి ఉన్నాయి.

ఎవరో చెప్పినట్టున్నారు, కనుకయ్య బయటికి వచ్చాడు. దసరాకు చూసిన మనిషి. జుట్టు మీద, కనుబొమల మీద దూది నూగు. చొక్కా లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియడం లేదు. నన్ను చూసి నోరు తెరిచేలోపే దగ్గు అందుకుంది. గోడ పట్టుకొని దగ్గి, ఒక గుడ్డముక్కలో ఉమ్మి, నేను చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను చూశాను. గుడ్డ ఎర్రగా ఉంది.

"ఎందుకచ్చినవే?" అన్నాడు.

ఇదా మొదటి మాట? ఒళ్లు మండిపోయింది. "నీ పీనుగను మోసుకపోను అచ్చుడు కన్న, పానం ఉన్నప్పుడే తోల్కపోదామని అచ్చిన" అన్నాను. ఇంకో వానాకాలం ఆ దూదిలో ఉంటే మనిషి దక్కడు. నాకది తెలుసు, అతనికీ తెలుసు.

బాకీ తీర్చేంత డబ్బు నీకెక్కడిదే అని అందరూ అడిగారు. దొంగతనం చేయలేదు. మాకు గుంట భూమి లేదు. వరుసగా వానలు ఎగ్గొట్టాక, పట్నం నుంచి ఒక సంస్థవాళ్లు మా ఊరికి వచ్చారు. భూమి లేని ఇళ్లలో ఆడవాళ్ల పేర్లు రాసుకున్నారు. నెలనెలా పోస్టాఫీసుకు డబ్బు వస్తుంది, వేలిముద్ర వేసి తీసుకోండి, దేనికి ఖర్చు చేసుకుంటారో మీ ఇష్టం అన్నారు. ఎవరు నమ్ముతారు? కిరాణం కొట్టు ఆయన అయితే, మొదట పైసలిస్తారు, తర్వాత వచ్చి మీ గర్భసంచులు కోసుకుపోతారని వాడంతా చాటాడు. అతని బాధ వేరు. మేం అప్పు పెట్టడం మానేస్తే అతనికి వడ్డీ ఎవరు కడతారు?

మొదటి నెల బియ్యం కొన్నాను. అంతకుముందు ఆ కొట్టు దగ్గర బేరాలన్నీ అయిపోయేదాకా ఒక పక్కన నిలబడేదాన్ని. ఆ రోజు అందరికంటే ముందు నిలబడి, "తూకం సక్కగ ఎయ్యి" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. నా బిడ్డ మల్లిక అంతకుముందు పొద్దస్తమానం బీడీలు చుట్టేది, చాట ముందు కూర్చొని కూర్చొని నడుం వంగిపోయింది పిల్లకు. చాట అటక మీదికి పోయింది, పిల్ల బడికి పోయింది. జ్వరమొస్తే ఎవరు అప్పిస్తారా అని వాకిళ్లు తిరగకుండా, జ్వరమొచ్చిన రోజే దవాఖానకు పోయాం. ఒక మేకను కొన్నాను. అది ఈనింది.

డబ్బు వచ్చాక మా వాడ చల్లబడిందని చెబితే మాత్రం నా నోట్లో పురుగులు పడతాయి. పోస్టాఫీసు రోజు వచ్చిందంటే పెండ్లాలను తన్నే మగవాళ్లు తయారయ్యారు. నా మీదికి నా మరిది భూపతి వచ్చాడు. నిండా తాగి, చేతిలో దుడ్డుకర్ర. "మా అన్న ఇంటి పైసలు, సగం నాకు తియ్యి" అన్నాడు. నేను లేవకముందే వీపు మీద ఒకటి వేశాడు. కర్ర రెండు ముక్కలైంది. రెండోసారి చెయ్యెత్తేలోపు పొయ్యిలో మండుతున్న కట్టె గుంజి అతని రొమ్ము మీద పెట్టాను. తోలు కాలిన వాసన ఇల్లంతా కొట్టింది. అప్పటి నుంచి నా వాకిట్లోకి రావాలంటే బయటే నిలబడి, "వదినె, ఉన్నవా" అని పిలుస్తాడు. నాకేం పశ్చాత్తాపం లేదు. మళ్లీ వస్తే మళ్లీ పెడతాను.

ఇక భివండి సంగతి. ఇంతకుముందు వానలకు ముందే దేవయ్య మనిషి మా వాడకు వచ్చేవాడు. తినడానికి లేని రోజులు చూసుకొనే వచ్చేవాడు. చేయబోయే పని మీద ఇంటింటికీ ముందే డబ్బు బాకీగా ఇచ్చిపోయేవాడు, ఆ బాకీ వెనకాలే మా మగవాళ్లు రైలెక్కేవాళ్లు. బాకీ తీరేదాకా సాంచ విడవకూడదు, తీరేలోపే ఇంకో బాకీ. కనుకయ్య మీసాలు రాకముందు పోయినవాడు, ఏటా దసరాకు చుట్టంలా వస్తాడు. మాకు నెలనెలా డబ్బు మొదలైన ఏడు మాత్రం దేవయ్య మనిషి నోట్లు పట్టుకొని వాడంతా తిరిగినా, ఒక్క ఆడది కూడా మొగుణ్ని చెయ్యి చాపనివ్వలేదు. వెళ్లినవాళ్లు కూడా తిరిగొస్తామని మొదలుపెట్టారు. ఓదెలు వేళ్లు షట్టర్ కింద పడింది అందుకే.

దేవయ్యది మా పక్క ఊరే. అతని తండ్రి కూడా ఒకప్పుడు ఇక్కడికి కూలికే వచ్చాడు. నన్ను లోపల గదిలో కూర్చోబెట్టి, "చెల్లె, చాయ్ తాగు" అన్నాడు. నేను చాయ్ ముట్టలేదు. నడుముకు కట్టుకున్న మూట విప్పి బల్ల మీద పెట్టాను.

"బాకీ తీస్కో సేటు. మా ఆయన్ను పంపియ్యి."

అతను మూట వైపు చూడనైనా లేదు. "నేను పైసలడిగిన్నా?"

"మరేం గావాలె నీకు?"

"నాకు చేతులు గావాలె చెల్లె. మీ ఊర్ల పైసలు పంచెటోళ్లు నా నోట్ల మన్ను గొట్టిండ్రు. సగం సాంచాలు బంద్ పడ్డయి. గీ కాగితాలు ఏం జేసుకోను? గివి లేశి బట్ట నేస్తయా?"

అతని మాట అబద్ధం కాదు. కార్ఖానాలో సగం భాగం చీకటిగా ఉంది, సాంచాల మీద దుమ్ము పట్టింది. నాకైతే చారెడు జాలి కూడా కలగలేదు. "గది నీ ధంద, నువ్వు సూస్కో. నా మొగడు నెత్తురు కక్కుతుండు" అన్నాను.

తలుపు దగ్గర హనుమాండ్లు నిలబడి ఉన్నాడు. దేవయ్య అతని వైపు ఒకసారి చూసి, మళ్లీ నా వైపు తిరిగి గొంతు మెత్తగా చేసుకున్నాడు. "సరే, నేనేం కట్టేసి ఉంచిన్నా? ఎక్కిన బీము దిగనీ. దిగినంక తోల్కపో. నేను తప్పు మాట్లాడిన్నేమో నీ మొగన్నే అడుగు."

కనుకయ్య గోడకు ఆనుకొని ఉన్నాడు. "నిజమే. బీము దిగాలె" అన్నాడు మెల్లగా.

పడుగు, అంటే నిలువు పోగుల నూలంతా చుట్టి ఉండే పెద్ద రోలరు బీము. సాంచకు వెనకాల ఎక్కిస్తారు. అదంతా నేసి ఖాళీ అయితే బీము దిగిందంటారు. అందుకు చాలా రోజులు పడుతుంది. బీము మధ్యలో సాంచ వదిలిపోవడం ఆ పనివాళ్లలో సిగ్గుమాలిన పని. "వాడు బీము నడుమ దిగిపోయిండు" అంటే, పెండ్లాన్ని నడిబజారులో వదిలి పోయాడన్నట్టు చెప్పుకుంటారు. కనుకయ్య ఈ పని సాంచ కింద పడుకొని నేర్చుకున్నాడు. సాంచ అతనిది కాదు, నూలు అతనిది కాదు, బట్ట అతనిది కాదు. కనుకయ్య నేసిన బట్టలో తప్పు ఉండదన్న పేరొక్కటే అతనిది. దాన్నెందుకు పాడుచేయాలి, ఆ పేరైనా మిగలనీ అనుకున్నాను. మూట మళ్లీ నడుముకు కట్టుకున్నాను.

సమ్మవ్వ బిస్సీలో ఉన్నాను. నెలకింత అని తీసుకొని పనివాళ్లకు రెండు పూటలా అన్నం పెట్టే ఇంటిని ఇక్కడ బిస్సీ అంటారు. సమ్మవ్వ మా వైపుదే, మొగుడు పోయాక వంట చేసి బతుకుతోంది. నేను రొట్టెలు కాల్చేదాన్ని, గిన్నెలు తోమేదాన్ని. ఒకరోజు ఉల్లిగడ్డలు కోస్తూ నాతో అంది.

"బీము దిగుడు గాదు ఆగమ్మా, నువ్వు ముడుల కాడ పైలం. ముడులు దాటిచ్చిండంటే ఇగ నీ మొగడు నీకు రాడు."

నాకు అర్థం కాలేదు. ఆమె వివరంగా చెప్పింది. పాత బీము చివరికి వచ్చాక దాని పోగులను తెంపెయ్యరు. కొత్త బీము పోగులను వాటి కొసలకు ఒక్కొక్కటిగా ముడివేస్తారు, మళ్లీ మొదటి నుంచి పోగులు ఎక్కించే శ్రమ ఉండదని. ఆ ముడులు సాంచలోంచి ముందుకు దాటేటప్పుడు పోగులు పుటపుట తెగుతాయి. మంచి చెయ్యి ఉన్నవాడే దాటించాలి. ఎవరు ముడులు దాటిస్తే కొత్త బీము వాళ్లది. అదంతా దిగేదాకా వాళ్లే నెయ్యాలి. ఎవరూ పెట్టని కట్టుబాటు, కానీ అందరూ దానికి కట్టుబడే ఉంటారు.

పాత బీము అయిపోయే రోజు వచ్చింది. నేను పొద్దున్నే సంచి సర్దుకొని కార్ఖానాకు పోయాను. ముడులు వేసే మనిషి పని ముగించుకొని లేస్తున్నాడు. కనుకయ్య చేతులు కడుక్కొని, కొత్త చొక్కా తొడుక్కొని ఉన్నాడు. నా గుండె నిండిపోయింది, నిజం చెబుతున్నాను. పెళ్లిలో కూడా అంత సంతోషం లేదు నాకు.

అప్పుడొచ్చాడు దేవయ్య. కనుకయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "పో కనుకయ్యా, సల్లగ పో. ముడులొక్కటి దాటిచ్చి పో. నీ జాగలకచ్చిన గా కొత్త పోరనికి చేతగాదు, అన్ని పోగులు తెంపుతడు. నీ చెయ్యి పడ్డదంటె ఒక్కటి తెగది. గంట పని."

నేను చొక్కా పట్టుకొని గుంజాను. "వద్దు. నడువు."

"గంట పనే గద" అన్నాడు కనుకయ్య.

"నీకు తెల్వదా? ముడులు దాటితె బీము నీ మెడకు పడ్తది."

"పడది. సేటు పొమ్మన్నడు గద."

జన్మలో ఎవరూ అతన్ని మెచ్చుకోలేదు. దేవయ్య ఆ ఒక్క ముక్క అనేసరికి ముఖం వెలిగిపోయింది. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి సాంచ దగ్గర నిలబడ్డాడు. సాంచను చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ, పోగులను వేళ్లతో సర్దుతూ, పసిపిల్ల తల దువ్వినట్టు ఆ ముడులను దాటించాడు. ఒక్క పోగు తెగలేదు. పక్క సాంచాల వాళ్లు కూడా మెడలు చాచి చూశారు. చివరి ముడి దాటగానే హనుమాండ్లు చప్పట్లు కొట్టి, "శభాష్. ఇగ బీము నీదే" అన్నాడు.

కనుకయ్య ముఖం మాడింది. దేవయ్య వైపు చూశాడు, దేవయ్య అప్పటికే తన గదిలోకి పోయాడు. వెనక్కి తిరిగి సాంచ ఆన్ చేశాడు.

ఆ రోజు నేను తిట్టని తిట్టు లేదు. మొగుణ్ని ఏమనకూడదో అవన్నీ అన్నాను. అతను తల వంచుకొని రొట్టె తిన్నాడు. "ఇగ గీ ఒక్క బీమే ఆగమ్మా" అన్నాడు. "నీ నోట్ల గా మాట ఉంటది, పానం ఉండది" అన్నాను. ఏడుపొచ్చింది. ఏడవలేదు, గిన్నె ఎత్తి గోడకేసి కొట్టాను.

మర్నాడు దేవయ్య గదిలోకి దూసుకుపోయాను. "ఇదేం మోసం" అని రెండు మాటలు అన్నానో లేదో, వెనక నుంచి హనుమాండ్లు నా కొప్పు పట్టుకున్నాడు. జుట్టు పట్టి సాంచాల మధ్య నుంచి ఈడ్చుకొచ్చాడు. మోకాళ్లు సిమెంటు గచ్చుకు గీసుకొని తోలు లేచిపోయింది. కనుకయ్య సాంచ ఆపి అడ్డమొచ్చాడు. "అన్నా, ఒద్దన్నా, నేను జెప్పుకుంట" అని చేతులు జోడించాడు. హనుమాండ్లు కాలి చెప్పు తీసి అతని చెంపల మీద ఎడాపెడా కొట్టాడు. కనుకయ్య చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. దెబ్బలకు దగ్గు లేచి, వంగిపోయి, గచ్చు మీద నెత్తురు కక్కాడు. అంత నెత్తురు నేను ఎప్పుడూ చూడలేదు. ఆపైన ఏం చేశాడో తెలుసా? మూతి తుడుచుకొని సాంచ దగ్గరికి పోయాడు. ఆపేటప్పుడు ఒక పోగు తెగిందట. దాన్ని అతుకుతున్నాడు.

నా ఒంట్లో ఏదో పూనింది. జుట్టు పట్టుకున్న హనుమాండ్లు చెయ్యి నోటికందితే పళ్లు దింపాను. కండ తెగేదాకా వదల్లేదు. అతను నన్ను కడుపులో తన్నాడు, మళ్లీ తన్నాడు, చివరికి ఎత్తి రోడ్డు మీద పారేశాడు. నోరంతా ఉప్పగా ఉంది. అది అతని నెత్తురో నాదో తెలియలేదు.

సమ్మవ్వ మోకాళ్లకు పసుపు అద్దుతూ, "నీ పైసలు నీ నడుముకున్నయి. నీ బిడ్డ నీకున్నది. పోవే" అంది. మల్లికను మా అమ్మ ఓదెమ్మ దగ్గర వదిలి వచ్చాను. పోవాలనే అనిపించింది. కానీ మనిషి కళ్ల ముందే చచ్చిపోతుంటే వదిలి ఎలా పోతాను? మా వాడలో పెండ్లాన్ని కొట్టని మగవాళ్లు ఎంతమంది ఉన్నారు? పెళ్లయిన నాటి నుంచి నా మీద చెయ్యెత్తని మనిషి ఇతనొక్కడే. అలాంటివాణ్ని దేవయ్య దూదిలో పూడ్చి పోవడానికి నాకు మనసొప్పలేదు.

అక్కడ మధ్యాహ్నాలు కరెంటు పోతుంది. మోత ఆగిపోయి ఊరంతా ఒక్కసారి చెవుడు వచ్చినట్టు అవుతుంది. పనివాళ్లు దొరికిన చోట పడుకుంటారు. ఆ సమయం చూసుకొని, సమ్మవ్వ ఉల్లిగడ్డలు కోసే కత్తి కొంగు కింద పెట్టుకొని కార్ఖానాలోకి పోయాను. హనుమాండ్లు గడపలో కునుకుతున్నాడు. కనుకయ్య తన సాంచ కిందే పడుకొని ఉన్నాడు, ముఖం మీద మోచేయి పెట్టుకొని. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అతన్ని చూస్తూ కాసేపు నిలబడ్డాను. అప్పుడు నాకు కోపం లేదు. చాలా తేలిగ్గా అనిపించింది. బీము దిగేదాకా రానంటున్నాడు. బీమే లేకపోతే ఇక దేనికోసం ఆగుతాడు?

పడుగు మీద కత్తి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగాను.

బిగించి ఉన్న పోగులు టపటపమని తెగి రెండు వైపులకూ ఎగిరాయి. ఒక్కసారిలో తెగలేదు, మళ్లీ మళ్లీ లాగాను. తెల్లటి నూలంతా కుప్పగా కిందికి జారింది. ఆ చప్పుడుకు కనుకయ్య లేచాడు.

"అయిపోయింది" అన్నాను. "బీము దిగింది. ఇగ పా."

అతను నన్ను చూశాడు. సాంచను చూశాడు. తెగిన పోగులను చేతిలోకి తీసుకొని చూశాడు. పక్కనే ఒక కట్టె పడి ఉంది, నూలు కండె పెట్టిన నాడెను ఇటు నుంచి అటు విసిరే కట్టె, చేవ కర్ర. అది అతని చేతిలోకి ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. భుజం మీద దెబ్బ పడగానే హనుమాండ్లు లేచాడనుకొని వెనక్కి చూశాను. వెనక ఎవరూ లేరు. రెండో దెబ్బ తల మీద పడింది. కళ్లలోకి నెత్తురు కారింది.

"నా పడుగు కోస్తవా. నా పడుగు కోస్తవానే."

అడ్డం పెట్టిన చేతి మీద కొట్టాడు. కింద పడ్డాక వీపు మీద కొట్టాడు. దగ్గు వస్తే ఆగి దగ్గి, మళ్లీ కొట్టాడు. చెప్పుదెబ్బలు తింటూ తల ఎత్తని మనిషికి ఇంత బలం ఎక్కడ దాగిందో నాకు తెలియలేదు. అతని ముఖం చూస్తూ ఉండిపోయాను. ఆ ముఖాన్ని నేను ఎరగను.

అతన్ని వెనక్కి లాగింది హనుమాండ్లే. నా పళ్ల గాటుకు కట్టు కట్టుకున్న చేత్తోనే అతని నడుం పట్టుకొని, "ఇడువురా, సస్తది. ఆడిది సస్తదిరా" అని గుంజాడు. ఓదెలు వేళ్లు విరిచినవాడు నన్ను కాపాడాడు. ఇంతకంటే ఏం కావాలి నాకు?

దేవయ్య వచ్చాడు. నా వైపు చూడలేదు. వేలాడుతున్న నూలు వైపు చూసి, "గీ ఖర్సు ఎవలు కడుతరు?" అన్నాడు.

కనుకయ్య అప్పటికే సాంచ ముందు కూర్చున్నాడు. తెగిన కొసలను ఏరుతున్నాడు. ఒక కొసకు దాని జత కొస వెతికి, రెండు వేళ్ల మధ్య మెలిపెట్టి ముడి వేస్తున్నాడు. కొన్ని పోగులకు నా నెత్తురు అంటింది. దాన్ని లుంగీకి తుడిచి ముడి వేస్తున్నాడు. "నేనే అతుకుత సేటు. ఒక్క పోగు పోనియ్య" అన్నాడు. తర్వాత, తల తిప్పకుండానే, "ఆగమ్మా" అన్నాడు.

నాకు పిచ్చి ఆశ కలిగింది. లేవబోయాను.

"గా పైసలు సేటుకిచ్చి పో. బీము ఖర్సుకు."

నడుము మీద చెయ్యి పెట్టుకున్నాను. మూట ఉంది. ఎన్ని నెలలు కూర లేకుండా తిని దాచానో ఆ డబ్బు. ఇతన్ని విడిపించడానికే దాచాను. ఇతన్ని పట్టుకున్నది బాకీ అనుకున్నాను, అది తీర్చేస్తే మనిషి నా వెంట వస్తాడనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

"ఇయ్య" అన్నాను.

దేవయ్య కనుసైగ చేశాడు. హనుమాండ్లు నా వైపు ఒక అడుగు వేశాడు. కత్తి ఇంకా నా చేతిలోనే ఉంది. "రా" అన్నాను. "రా, ఈసారి చెయ్యి గాదు, గొంతు." అతను ఆగిపోయాడు.

"గివి నా పేరు మీద అచ్చినయి. నా యేలుముద్ర మీద అచ్చినయి. నా బిడ్డను సాదుకుంట. నీ బీముకు ఒక్క పైస ఇయ్య" అన్నాను. అది దేవయ్యతో అన్నాను, కనుకయ్యకు వినబడాలని అన్నాను. అతను ముడి వేస్తూనే ఉన్నాడు. లేచి నిలబడి, వెనక్కి అడుగులు వేసుకుంటూ గడప దాటాను. అప్పుడే కరెంటు వచ్చింది, మిగతా సాంచాలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. అతను దగ్గుతున్నాడో లేదో ఇక వినబడలేదు.

సమ్మవ్వ తలకు గుడ్డ కట్టి, చీర మార్చింది. ధామన్‌కర్ నాకా కూడలి దగ్గర ఆటోవాళ్లు నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు, సీటుకు నెత్తురంటుతుందని. ముందే డబ్బు చేతిలో పెడితే ఒకడు ఎక్కించుకున్నాడు. స్టేషన్‌లో రైలుకు ఇంకా చాలాసేపు ఉంది. బల్ల మీద మా వైపు ఆడమనిషి ఒకామె కూర్చొని ఉంది. నా వాలకం చూసి ఆమె ముఖం జాలిగా పెట్టింది.

"ఎవలు గొట్టిండ్రక్కా?"

"నా మొగడు."

"తాగిండా?"

"తాగలె" అన్నాను. "పని మీదున్నడు."

ఆమె కొంచెం జరిగి నాకు కూర్చోవడానికి చోటిచ్చింది.